విచారణను మూయునప్పుడు గృహస్థుల మాట: హిందూపురము, పెనుకొండ, ధర్మవరము సీమ కతోలికుల చరిత్ర నుండి

శతవార్షిక సంచికలలో సాధారణముగా ఆరంభముల చరిత్ర వ్రాస్తారు. ఏ సంవత్సరములో ఏ దొరగారు ఎద్దుబండి మీద వచ్చారు, ఏ చెట్టు క్రింద మొదటి కూటము జరిగినది, పునాదిరాయి ఎవరు వేశారు – ఇవన్నీ చెప్పుకొనుట న్యాయమే. మేము మాత్రము ఈ వ్యాసములో మూతపడినవాటిని గూర్చి వ్రాయదలచాము. ఎందుకనగా ఈ మధ్య ఏ శాఖ వారి కమిటీలో కూర్చున్నను ఒకే మాట వినబడుచున్నది: “ఆ ఊరిలో నాలుగు కుటుంబములే మిగిలినవి, ప్రక్క ఊరితో కలిపివేద్దాము.” ఈ మాట అనుట తేలిక. ఆ నాలుగు కుటుంబముల వారు మాత్రము ఆ కమిటీలో ఉండరు.

ఈ విషయములో మన పొరుగువారైన కతోలికుల అనుభవము మనకు పాఠమగునని తలచి, ప్రియ సంఘ సభ్యుల ముందు దానిని ఉంచుచున్నాము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము – ఈ మూడు పట్టణములు ఒకే రైలుదారి మీద ఉన్నవి. ఒకప్పుడు ముగ్గురికీ అనంతపురమే జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుండి శ్రీ సత్యసాయి జిల్లా. కతోలికుల లెక్కలో ఇవి కర్నూలు మేత్రాసనములోనివి. ఆ మేత్రాసనము 1967 జూన్ 12న ఏర్పడినది గాని ఈ సీమలో వారి చరిత్ర అంతకంటె రెండున్నర శతాబ్దములు పాతది. ఆ సంగతి మనలో చాలమందికి తెలియదు.

ముందుగా ఒక మాట. కతోలికులు ఒక గురువు బాధ్యతలోనున్న ప్రాంతమును “విచారణ” అంటారు. మనము పాస్టరేటు అనునదే ఇంచుమించు అది. విచారణ అనగా బాగోగులు కనుక్కొనుట. కోర్టులో జరుగునదానిని కూడ విచారణ అనే అంటాము. రెండు అర్థములు ఒక్క మాటలో ఉండుట మాకు చాల నచ్చినది. ఒక విచారణను విచారణ లేకుండ మూయవచ్చునా? ఈ వ్యాసములోని ప్రశ్న అంతా అదే.

1688లో సయాము దేశములో తిరుగుబాటు జరుగగా, అక్కడి నుండి వెళ్ళగొట్టబడిన ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి చేరుకున్నారు. మధుర మిషను అప్పటికే పోర్చుగీసు వారి ఆధీనములో నడుచుచున్నది. అందుచేత ఫ్రెంచివారు ఉత్తరముగా, అనగా ఆనాడు కర్ణాటకమని పిలువబడిన తెలుగు, తమిళ, కన్నడ సరిహద్దు సీమలోనికి బయలుదేరారు. 1700 తరువాతి సంవత్సరములలో మొదుయి, బూషే, ద ల ఫొంతెన్ అను గురువులు ఈ పని ప్రారంభించారు. పుంగనూరు ఒక కేంద్రమైనది. తరువాత లె గాక్ అను గురువు కాలములో చిన్నబళ్ళాపురము, కృష్ణాపురము, అనంతపురము వైపు మద్దిగుబ్బ మొదలైన చోట్ల గుడులు లేచాయి. చిన్నబళ్ళాపురము హిందూపురమునకు దక్షిణముగా గౌరీబిదనూరు దాటిన తరువాత ఎంతో దూరము లేదు. ఆనాడు పాళెగాండ్ర సరిహద్దులే గాని ఇప్పటి రాష్ట్రముల సరిహద్దు లేదు గనుక, ఈ గుడులన్నీ ఒకే సీమలోనివిగా మనము ఎంచవలెను.

ఈ గురువులు మన ఊళ్ళలో సన్యాసుల వలె కాషాయము ధరించి, మాంసము మాని, తెలుగు నేర్చుకొని తిరిగారు. ఇద్దరి పేర్లు చెప్పకుండ పోలేము. కల్మెత్ అను గురువు 1730 ప్రాంతములలో వేదముల ప్రతులను సంపాదించి పారిస్‌లోని రాజ గ్రంథాలయమునకు పంపించాడు. కృష్ణాపురములో పనిచేసిన కేర్దూ అను గురువు తెలుగు నిఘంటువు కూర్చాడు; సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలకు చుట్టరికమున్నదని 1767లోనే పారిస్ పండితులకు వ్రాశాడు. విలియం జోన్స్ కలకత్తాలో ఆ మాట చెప్పినది 1786లో. ఇదే కేర్దూ 1742లో మన దేశపు అద్దకము బట్టలకు రంగులు ఎక్కించు విధానమును గూర్చి పెద్ద ఉత్తరము వ్రాశాడు. ఆ రహస్యములు ఆయనకు చెప్పినవారు క్రైస్తవులైన అద్దకపు పనివారే. పండితుని పేరు పుస్తకములలోనికి ఎక్కినది, పనివారి పేర్లు ఎక్కలేదు. గృహస్థుల చరిత్ర ఎక్కడ చూచినను ఇట్లే ఉన్నది.

ఆ విచారణలు నడచిన తీరు గమనించండి. ఒక గురువుకు పది ఇరువది ఊళ్ళు. ఆయన ఒకచోట కొన్ని వారములుండి పాపసంకీర్తనములు విని, దివ్యబలి పూజ చేసి, మరియొక చోటికి పోవును. మరల వచ్చునప్పటికి నెలలు గడచును. ఆ మధ్య కాలములో గుడి దీపము వెలిగించినవాడు, చావుబ్రతుకులలోనున్న పసిబిడ్డకు జ్ఞానస్నానమిచ్చినవాడు, జపములు నేర్పినవాడు ఉపదేశి. గుడికి జాగా ఇచ్చినవాడు, పాళెగాని వద్దకు పోయి గురువు తరఫున మాటలాడినవాడు ఊరి పెద్ద. ఈ సీమలో కొన్ని రెడ్ల కుటుంబములు క్రైస్తవములోనికి వచ్చినవి. వారి ప్రాపకము లేకపోతే గుడి నిలుచుట కష్టము. లె గాక్ గారి ఉత్తరములలో దాసరుల ప్రతిఘటన విరివిగా కనిపించును. గురువును వెళ్ళగొట్టవలెనని వారు పట్టుబట్టినప్పుడు ఆయనకు అండగా నిలువవలసినవారు స్థానికులే. పేరుకు అది గురువుల మిషను. దాని బరువు మోసినవారు గృహస్థులు.

అయితే ఆ గృహస్థుల మాట ఎవరు అడిగారు? ఇక్కడ ఒక సంఘటన చెప్పవలెను. 1703 నవంబరులో పోపు ప్రతినిధి తూర్నో పుదుచ్చేరిలో దిగాడు. తాళిబొట్టు, పెండ్లి ఆచారములు, కులమర్యాదలు – వీటిలో క్రైస్తవులకు ఏవి తగును, ఏవి తగవు అని తేల్చుట ఆయన పని. ఆయన జబ్బుపడినందున లోపలి ఊళ్ళకు పోలేదు. ఇద్దరు గురువులను, బూషేను బెర్తోల్దిని, అడిగి తెలిసికొని 1704లో పదహారు అంశముల ఆజ్ఞాపత్రము వ్రాయించి చైనాకు ఓడ ఎక్కాడు. దానిపై వివాదము నలుబది సంవత్సరములు సాగి, 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆజ్ఞతో ముగిసినది. అందులో కొన్ని మంచి మాటలు లేకపోలేదు. వ్యాధిగ్రస్తులైన పరయ గృహస్థుల ఇండ్లకు గురువు పోకుండుటను ఆ ఆజ్ఞలు ఖండించినవి. ఆ మాట మేము ఈనాటికీ గౌరవిస్తాము. కాని పెండ్లికూతురి మెడలోని తాళిని గూర్చి తీర్పు చెప్పినప్పుడు ఒక్క పెండ్లి జరిగిన ఇంటివారినైనను పిలిచి అడుగలేదు. తీర్పు మంచిదా చెడ్డదా అన్నది ఒక ప్రశ్న; అడిగి చెప్పినదా, అడుగక చెప్పినదా అన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటిని కలుపుటవలన సంఘములలో చాల తగవులు పుట్టుచున్నవని మా అభిప్రాయము.

మూసివేత దగ్గరకు వస్తున్నాము. ఈ సీమ విచారణలను మూయుచున్నామని ఎవరును ఏనాడును ఆజ్ఞ జారీ చేయలేదు. అవి మూతపడినవి, అంతే. పోర్చుగల్ రాజు 1759లో యేసుసభను తన రాజ్యమునుండి వెళ్ళగొట్టాడు. ఫ్రాన్సు 1764లో రద్దు చేసినది. ఆంగ్లేయులకు ఫ్రెంచివారికి యుద్ధములు జరిగి 1761 జనవరిలో పుదుచ్చేరి ఆంగ్లేయుల వశమైనది. అక్కడినుండి రావలసిన డబ్బు, మనుష్యులు ఆగిపోయారు. చివరకు 1773 జూలై 21న పోపు 14వ క్లెమెంటు యేసుసభనే ప్రపంచమంతట రద్దు చేశాడు. కారణములన్నీ యూరపు రాజుల సభలలోనివి. మద్దిగుబ్బ రైతుకు గాని, చిన్నబళ్ళాపురము వర్తకునికి గాని వాటితో సంబంధము లేదు. 1776లో మిషను బాధ్యత పారిస్ విదేశ మిషను సంఘము వారికి, బిషపు బ్రిగో చేతిలోనికి వచ్చినది. ఉన్న కొద్దిమంది గురువులలో వృద్ధులే ఎక్కువ. కేర్దూ 1779లో పుదుచ్చేరిలో మరణించాడు.

సరిగ్గా అదే కాలములో ఈ సీమ నలిగిపోయినది. మరాఠాలు, గుత్తి మురారిరావు, హైదరాలీ, నైజాము – ఒకరి తరువాత ఒకరు కప్పము అడిగారు. హిందూపురమునకు ఆ పేరు మురారిరావు తన తండ్రి హిందూరావు పేరిట పెట్టినదని చెప్పుకొందురు. ఆ మురారిరావును 1776లో హైదరు పట్టుకొని పోయాడు. 1784లో టిప్పు సుల్తాను కన్నడ తీరపు కతోలికులను శ్రీరంగపట్టణమునకు తరలించిన సంగతి ప్రసిద్ధమే. 1800లో నైజాము ఈ జిల్లాలను కుంఫిణీకి అప్పగించువరకు, థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి భూములు కొలిపించువరకు, రైతుకు నిలకడ లేదు.

గురువు లేడు, రాజు నిలకడ లేదు. అప్పుడు గృహస్థులు ఏమి చేశారు? గుంటూరు సీమలోని కతోలిక రెడ్ల కుటుంబములలో పరంపరగా వచ్చుచున్న మాట ఒకటి ఉన్నది. తమ పూర్వికులు అనంతపురము వైపు ఆలమూరు, మద్దిగుబ్బల నుండి వలస వచ్చిరని, తమ విశ్వాసమును మూటగట్టుకొని తెచ్చిరని వారు చెప్పుదురు. తుమ్మవారు మొదలైన వంశములలో ఈ కథ గట్టిగా నిలిచియున్నది. ఫిరంగిపురము ఆ వలసవారి ముఖ్య కేంద్రములలో ఒకటైనది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములలో మిల్‌హిల్ సభ గురువు డీక్‌మన్ అక్కడ పెద్ద దేవాలయము కట్టునప్పటికి, కట్టించుకొను జనము అక్కడ సిద్ధముగా ఉన్నది. ఆ జనమును తయారుచేసినవి మన సీమలో మూతపడిన విచారణలే.

ఇందులో గమనించవలసినది ఒకటి ఉన్నది. వెళ్ళినవారు భూమి కొనగలవారు, బండ్లు కట్టగలవారు. వెళ్ళలేనివారు ఇక్కడనే మిగిలారు. వారిని గూర్చి వంశావళులు లేవు. “గృహస్థులు నిర్ణయించుకున్నారు” అని మేము వ్రాసిన ప్రతిచోట, ఏ గృహస్థులు అని పాఠకులు అడుగవలెను. మాలపల్లెలో, మాదిగవాడలో ఉండి జపమాల పట్టుకున్నవారు ఆ వలస నిర్ణయములో మాట కలిగియుండిరని మేము అనుకొనము.

తరువాతి శతాబ్దమును త్వరగా దాటుదాము. 1876–78 నాటి గొప్ప కరువు ఈ జిల్లాలను ఊడ్చివేసినది. గుంతకల్లు నుండి బెంగుళూరు వరకు రైలు పడిన తరువాత స్టేషనులున్న ఊళ్ళలో క్రొత్త జనము చేరినది, ధర్మవరము జంక్షనైనది. రైలు ఉద్యోగులు బదిలీమీద వచ్చి బదిలీమీద పోవువారు గనుక, రైలు ఊళ్ళలోని సంఘముల లెక్క ఏటేట మారుచుండును. ఈ కష్టము ఏ శాఖవారికైనను తెలిసినదే. 1949లో బళ్ళారి, 1967లో కర్నూలు మేత్రాసనములుగా ఏర్పడినవి. పటము మీద గీతలు మారుచుండగా, గీతల లోపలనున్న జనమును అడుగు పద్ధతి అప్పటికి ఎక్కడను లేదు.

అడుగు పద్ధతి ఎప్పుడు వచ్చినది? రెండవ వాటికను మహాసభ 1964 నవంబరు 21న శ్రీసభను గూర్చి ప్రకటించిన పత్రములో, గృహస్థులు తమకున్న తెలివినిబట్టి శ్రీసభ మేలుకొరకు అభిప్రాయము చెప్పవచ్చును, కొన్నిసార్లు చెప్పవలసిన బాధ్యత కూడ ఉన్నదని ఒప్పుకున్నది. 1983 జనవరి 25న రెండవ జాన్ పాల్ పోపు ప్రకటించిన శ్రీసభ చట్టములో అదే మాట 212వ నిబంధనగా ఎక్కినది. మేము వేదాంత కళాశాలలో చదువుకొన్న దినములలో సంఘ పరిపాలన అంటే ఎవరికిని ఆసక్తి ఉండేది కాదు. ప్రసంగశాస్త్రము, గ్రీకు అంటేనే మోజు. ఇప్పుడు ఆ చట్టమును చదువుచుంటే ఎంత చక్కగా వ్రాశారో అనిపించుచున్నది. మన సంఘ సభ్యులకు పనికివచ్చునని కొంచెము విపులముగా చెప్పుచున్నాము.

515వ నిబంధన ప్రకారము విచారణను స్థాపించుట, మార్చుట, రద్దు చేయుట మేత్రాణులవారి ఒక్కరి అధికారమే. అయితే గురువుల సభ అభిప్రాయము వినకుండ అట్లు చేయరాదు. ఇక్కడ గృహస్థుల మాట లేదు. కొందరు ఇక్కడితో పుస్తకము మూసి, “మా వారికి హక్కేమియు లేదు” అందురు. కాని 50వ నిబంధన చూడండి. ఏ ఆజ్ఞ ఇచ్చుటకు ముందైనను అధికారి తగిన వివరములు సేకరించవలెను, ఎవరి హక్కులకు భంగము కలుగునో వారిని వీలైనంతవరకు వినవలెను. 51వ నిబంధన: ఆజ్ఞ వ్రాతమూలకముగా ఉండవలెను, నిర్ణయమైతే కారణములు క్లుప్తముగానైనను చెప్పవలెను. 121 నుండి 123 వరకు: రెండు సంఘములను కలిపినను, ఒకటి రద్దయినను, ఆస్తి విషయములో దాతల ఉద్దేశమును గౌరవించవలెను. అనగా ఒక ముసలమ్మ ఆ ఊరి గుడి దీపమునకని ఇచ్చిన అర ఎకరమును పట్టణములో ప్రహరీగోడకు వాడుకొనుట కుదరదు. 1222: దేవాలయ భవనమును లౌకికమైన పనికి మార్చవలెనన్న గురుతరమైన కారణము ఉండవలెను, దానిమీద న్యాయముగా హక్కు చెప్పువారి అంగీకారమును పొందవలెను.

120వ నిబంధన మాకు అన్నిటికంటె ఆశ్చర్యము కలిగించినది. చట్టపరమైన సంఘము స్వభావముచేత శాశ్వతమైనది. అధికారముగలవారు రద్దు చేస్తే తప్ప, లేక నూరు సంవత్సరములపాటు ఏ పనియు చేయక ఊరకుంటే తప్ప అది చావదు. నూరు సంవత్సరములు! మనము మూడు ఆదివారములు హాజరు తగ్గితే సంఘము చచ్చినదని రిపోర్టు వ్రాయుచున్నాము.

ఈ నిబంధనలు కాగితముమీద నిద్రపోవుచున్నవా, లేక ఎవరైనను వాడారా? అమెరికాలో వాడారు. 2004లో బోస్టను ఆర్చిబిషపు ఓ'మాలీ అరువదికి పైగా విచారణలను మూయుదునని ప్రకటించాడు. కొన్నింటిలో జనము గుడి వదలక రాత్రింబగళ్ళు కాపలా కూర్చున్నారు. సిచువేట్ అను ఊరిలో కబ్రీని పునీతురాలి దేవాలయములో ఆ కాపలా 2004 అక్టోబరు నుండి 2016 మే వరకు, పదకొండు సంవత్సరములకు పైగా సాగినది. వాటికనుకు వెళ్ళారు, కోర్టులకు వెళ్ళారు, చివరకు ఓడిపోయి బయటికి వచ్చారు. క్లీవ్‌లాండులో కథ వేరు. అక్కడి బిషపు లెన్నన్ 2009, 2010 సంవత్సరములలో సుమారు ఏబది విచారణలను మూసియో కలిపియో తగ్గించాడు. కొన్ని విచారణల గృహస్థులు చట్టము చెప్పిన గడువులోపల వ్రాతపూర్వకముగా అప్పీలు పెట్టారు. 2012 మార్చిలో రోములోని గురువుల వ్యవహారముల శాఖ, పద్ధతి పాటించలేదని తప్పుపట్టి, పదికి పైగా విచారణల మూసివేతను కొట్టివేసినది. బిషపుగారు పై అప్పీలుకు పోక వాటిని తిరిగి తెరిచారు. పదకొండేండ్లు కూర్చున్నవారు ఓడి, పది దినములలో కాగితము పెట్టినవారు గెలిచారు. మేము కాపలా కూర్చున్నవారిని చులకన చేయుట లేదు. వారి ప్రేమ గొప్పది. కాని చట్టములో గడువు గడువే.

మన దేశములో ఇట్టివి లేవని అనుకొనరాదు. పోర్చుగల్ రాజు ఆధీనములోని గురువులకు, రోము నేరుగా పంపిన బిషపులకు మధ్య పందొమ్మిదవ శతాబ్దమంతా ఒక పెద్ద తగవు నడచినది. 1886 నాటి ఒడంబడికతో గాని అది సద్దుమణగలేదు. ఆ తగవులో 1853లో బొంబాయి మాహిములో విచిత్రము జరిగినది. విచారణ జనము పోర్చుగీసు పక్షమునకు మారదలచగా, బిషపు హార్ట్‌మన్ తానే దేవాలయములోనికి పోయి కూర్చున్నాడు. జనము చుట్టుముట్టారు. చివరకు సర్కారు కలుగజేసికొని దేవాలయమును ఆయన ప్రత్యర్థులకు ఇప్పించినది. బోస్టనులో గృహస్థులు లోపల, బిషపు బయట. మాహిములో బిషపు లోపల, గృహస్థులు బయట! కేరళలో తోమా క్రైస్తవులకు “పళ్ళియోగము” అను ఏర్పాటు ప్రాచీనకాలమునుండి ఉన్నది. కుటుంబ పెద్దలు కూడి గుడి ఆస్తిపాస్తులను చూచుకొందురు. మన వైపున అట్టిది మొలకెత్తలేదు. మిషను డబ్బుతో గుడి కట్టినచోట జనము తాము అతిథులమనుకొనుటకు అలవాటుపడ్డారు. ఇందులో కతోలికులకు మనకు తేడా ఏమియు కనిపించదు.

ఇక ఈ మూడు పట్టణముల నేటి స్థితి. వానలు లేని సంవత్సరములలో ఇక్కడి జనము బెంగుళూరు బస్సెక్కుట కొత్త కాదు. ఊరిలో వృద్ధులు మిగులుదురు, గుడి బీగము ఒకరి కొంగున ఉండును, పండుగకు మాత్రము యువకులు వచ్చి సున్నము కొట్టిపోవుదురు. ధర్మవరములో మగ్గము ఆడినన్నాళ్ళు చేనేత కుటుంబములు ఉండును, పట్టు ధర పెరిగి మగ్గము ఆగితే కదలిపోవును. ఇట్టి ఊళ్ళను లెక్కపెట్టి మూయవలెనన్న ప్రతి పదేండ్లకు కొన్ని మూయవచ్చును. అయితే పెనుకొండను చూడండి. కరువు పేరు చెప్పితే మొదట గుర్తువచ్చు ఈ ప్రాంతములో ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారము వెలసి 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. హంద్రీ–నీవా నీళ్ళు గొల్లపల్లి జలాశయమునకు వచ్చినవి. ఎక్కడెక్కడినుండియో కార్మికులు వచ్చి చేరారు. పదేండ్ల ముందు జనము లేదని ఏ శాఖవారైనను అక్కడ గుడిని అమ్మివేసియుంటే, ఇప్పుడు గజము ధర విని గుండె ఆగవలసినదే.

ఈ సంగతినే రోము 2020 జూలై 20న వెలువరించిన విచారణల నిర్దేశపత్రములో మరియొక విధముగా చెప్పినది. విచారణను రద్దు చేయుటకు ఆ విచారణకే సంబంధించిన కారణము చూపవలెను. గురువుల కొరత, మేత్రాసనపు సాధారణ ఆర్థిక స్థితి, తిరిగి మారిపోగల తాత్కాలిక పరిస్థితులు – ఇవి తగిన కారణములు కావు. తాత్కాలికమా శాశ్వతమా అన్నది మేత్రాసన కార్యాలయములోని రిజిష్టరు చెప్పలేదు. ఎవరి కొడుకు బెంగుళూరులో ఇల్లు కట్టుకున్నాడు, ఎవరి కొడుకు అద్దె ఇంటిలో ఉండి సంక్రాంతికి తిరిగివచ్చి బోరు వేయించుకొనదలచాడు అన్నది ఆ ఊరివారికే తెలియును. గృహస్థులను అడుగవలెనని మేము అనుట మర్యాద కొరకు కాదు. వారి వద్ద తప్ప మరియెక్కడను దొరకని సమాచారము ఉన్నది గనుక.

ఎదుటి పక్షము మాట కూడ చెప్పకపోతే అన్యాయమగును. ఒక గురువు ఆదివారము నాలుగు ఊళ్ళకు పరుగెత్తి ఎక్కడను అయిదు నిమిషములు నిలిచి మాటలాడలేకుండుట మేము ఎరుగుదుము. అందరిని అడిగితే ఏ ఊరివారును తమ గుడి మూయుడని చెప్పరు. అప్పుడు నిర్ణయమే జరుగదు. ఇది నిజమే. అందుకే చట్టము వినుమన్నది గాని ఓటు వేయించుమనలేదు. మన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పటినుండి మండల సభలలో గృహస్థులు ఓటు వేయుచున్నారు. అయినను చిన్న పల్లె గోడు ఆ సభలకు ఎంతవరకు చేరుచున్నదో మీరే ఆలోచించండి. ఓటు ఉన్నంత మాత్రాన మాట విన్నట్లు కాదు.

పైన మేము లేవనెత్తిన ప్రశ్న, ఏ గృహస్థులు అన్నది, ఇక్కడనే తిరిగి ఎదురగును. విచారణ సలహా సంఘములో ఎవరు కూర్చుందురు? మేష్టరుగారు, రిటైరైన ఉద్యోగి, పాత కుటుంబము పెద్ద. మూతపడు ఉపకేంద్రము మాత్రము తరచుగా దళితవాడలో ఉండును. 2008 నుండి 2020 వరకు కర్నూలు మేత్రాణులుగా, అనగా ఈ మూడు పట్టణములకు కాపరిగా ఉన్న పూల ఆంతోనిగారు ఆ తరువాత హైదరాబాదు అగ్రపీఠాధిపతియై, 2022 ఆగస్టు 27న కార్డినలైనారు. దళితులలోనుండి ఆ పదవికి ఎక్కిన మొదటివారు, తెలుగువారిలోను మొదటివారు ఆయనే. మూడు శతాబ్దముల క్రిందట గురువు గడప త్రొక్కుటకే తర్కము జరిగిన వాడలనుండి పోపును ఎన్నుకొను సభలోనికి ఒకరు వెళ్ళారు. 2025 మే నెలలో జరిగిన ఎన్నికలో ఆయన ఓటు వేశారు. అదే వాడలలోని కూలి తల్లికి తన ఊరి గుడిని గూర్చి మాట చెప్పు చోటు ఉన్నదా అన్నది ఇంకను తేలవలసియున్నది.

2021 నుండి పోపు ఫ్రాన్సిసుగారు నడిపిన మహాసభ 2024 అక్టోబరు 26న తుదిపత్రమును ఆమోదించినది. ఆ సభలో గృహస్థులు, స్త్రీలు కూడ ఓటు వేశారు. విచారణ, మేత్రాసన సలహా సంఘములు తప్పనిసరి కావలెనని, “సలహా మాత్రమే” అని చట్టములో మాటిమాటికి వచ్చు పదమును తిరిగి పరిశీలించవలెనని ఆ పత్రము కోరినది. చట్టములోని అక్షరము మారువరకు, రేపు ధర్మవరము వైపుననో హిందూపురము వైపుననో ఒక విచారణను కలుపు ఆజ్ఞ వస్తే ఆ ఊరివారి చేతిలో ఉన్నవి ఇవి: ముందుగా తమ్మును వినుడని అడుగుటకు 50వ నిబంధన, ఆజ్ఞ చేతికందిన పది దినములలోపల దానిని మార్చుడని మేత్రాణులకే వ్రాసికొనుటకు 1734వ నిబంధన, ఆయన కాదన్నచో రోమునకు పోవుటకు మరి పదిహేను దినములు.